తెర మీద అందం, అచ్చులో అవస్థ: డీటీపీ నేర్చిన పిల్లలకు ముద్రణ ఎక్కడ నేర్పాలి?

1. కృష్ణాతీరం ప్రెస్

విజయవాడలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. పదో తరగతి తరువాత ఐటీఐలోనో ప్రైవేటు కేంద్రంలోనో డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని), గ్రాఫిక్ డిజైన్ నేర్చుకున్న పిల్లలు ప్రతి వేసవిలోనూ పని అడుగుతూ వస్తారు. వాళ్ళలో తెలివైనవారు చాలామంది ఉన్నారు. కోరల్‌డ్రాలోనూ ఫొటోషాప్‌లోనూ వాళ్ళ చేతివేగం చూస్తే ముచ్చట వేస్తుంది. అయితే వాళ్ళు తయారు చేసిన ఫైలు ప్లేటు దాకా వెళ్ళేసరికి ఏదో ఒక చోట ఆగిపోతుంది. అంచు దాకా రంగు పరచిన బొమ్మకు కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే అంచు దాటిన అదనపు రంగు, ఉంచరు. ఫోనులో వచ్చిన చిన్న ఫొటోను సాగదీసి ఏ4 పేజీ నిండా పెడతారు. చిన్న నల్ల అక్షరాలను ఒక్క నలుపుతో కాక నాలుగు రంగుల కలయికతో నింపుతారు. మెషీను మీద రిజిస్టర్, అంటే రంగు మీద రంగు సరిగా కూర్చోవడం, వెంట్రుకవాసి తప్పినా ఆ అక్షరాల పక్కన ఎర్రటి, నీలపు నీడలు తేలతాయి. 1/8 డెమ్మీ సైజు పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుందని తెలియక, చివరి ఫారంలో మూడు పేజీలే మిగిలేలా పుస్తకం కూర్చి తెస్తారు.

నేను పిల్లలను తప్పుపట్టడం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదని వాళ్ళ ముఖాలే చెబుతాయి. ఈ సంగతులు నేర్పవలసింది శిక్షణ సంస్థా, ప్రెస్సా? మా వీధిలోనే ఒక అమ్మాయి ఈ ఏడు పదో తరగతి పూర్తి చేసి డీటీపీలో చేరతానంటోంది. ఆమెకు ఏమని సలహా ఇవ్వాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

2. ఐటీఐ బోధకుడు

నేను ఒక ఐటీఐలో డీటీపీ ఆపరేటర్ ట్రేడు బోధిస్తున్నాను. మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ మా వైపు పరిస్థితి కూడా వినండి. ఇది ఏడాది కోర్సు. పదో తరగతి తెలుగు మాధ్యమంలో చదివి, కంప్యూటరును మొదటిసారి చేతితో తాకే పిల్లలు సగం తరగతి ఉంటారు. కీబోర్డు అలవాటు కావడానికే మొదటి నెలలు గడిచిపోతాయి. ఆ తరువాత వర్డు, పేజీ కూర్పు, బొమ్మలు గీయడం, ఫొటో దిద్దడం వరుసగా వస్తాయి. పాఠ్యప్రణాళిక దేశమంతటికీ ఒక్కటే కాబట్టి తెలుగు అక్షరాల అమరికకు ఎంత సమయం దక్కుతుందన్నది బోధకుడి చొరవ మీద ఆధారపడి ఉంటుంది.

మా ప్రయోగశాలలో లేజర్ ప్రింటరు ఉంది. ఆఫ్‌సెట్ మెషీను లేదు, ప్లేటు తయారీ లేదు, కటింగ్ మెషీను లేదు. బ్లీడ్ గురించి నేను బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను, పిల్లలు పుస్తకంలో రాసుకుంటారు, పరీక్షలో కూడా రాస్తారు. అయితే కాగితం కత్తి కిందికి వెళ్ళినప్పుడు అర మిల్లీమీటరు జరిగి అంచున తెల్లగీత పడడం కంటితో చూడనివాడికి ఆ 3 మిల్లీమీటర్లు ఒక పరీక్ష జవాబుగానే మిగిలిపోతాయి.

3. రాజమండ్రి పాత కంపోజిటర్

నేను పని నేర్చుకున్నది సీసపు అక్షరాల కాలంలో. రాజమండ్రిలో ఉగాదికి ముందు పంచాంగాల పని రాత్రింబవళ్ళు నడిచేది. కొత్తగా చేరిన కుర్రవాడి చేతికి ఎవరూ వెంటనే అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్కు ఇచ్చేవారు కాదు. అచ్చు పూర్తయిన ఫారం విప్పి, ఏ అక్షరాన్ని ఏ గడిలో వేయాలో తెలుసుకుంటూ కేసులోకి, అంటే అక్షరాల గడుల పెట్టెలోకి, తిరిగి పంచడమే మొదటి పాఠం. తెలుగులో గుణింతాలకూ ఒత్తులకూ విడివిడిగా గడులు ఉంటాయి కాబట్టి ఆ కేసు మనసులో నిలవడానికే చాలా కాలం పట్టేది. తరువాత గ్యాలీ ప్రూఫు, అంటే పేజీలుగా విడదీయకముందు సరిచూసే అచ్చు ప్రతి, తీయడం, ఆపైన ప్రూఫు దిద్దడం, చివరికి కంపోజింగ్.

ఆ పద్ధతిలో కష్టం ఎక్కువ. జీతం లేకుండా ఏళ్ళు గడిపినవాళ్ళూ ఉన్నారు, దాన్ని నేను పొగడను. కానీ వరుసకూ వరుసకూ మధ్య ఉండే ఖాళీ మా వేళ్ళకు బరువుగా తెలిసేది, ఎందుకంటే ఆ ఖాళీలో కూడా సీసపు పట్టీ పెట్టవలసిందే. ఇప్పటి పిల్లవాడికి ఖాళీ అంటే ఒక గడిలో కొట్టే అంకె. ఇంగ్లీషు పుస్తకానికి పెట్టిన అంకెనే తెలుగుకూ ఉంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. ఇది చెప్పడానికి మెషీను అవసరం లేదు, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. కనుక లోపమంతా పరికరాల లేమిదే అని బోధకుడు గారు అంటే నేను ఒప్పుకోను.

4. స్వాతి హనుమకొండ

నేను మొదటి టపాలో చెప్పిన పిల్లలలో ఒకదాన్ని. డీటీపీ నేర్చుకుని ఇప్పుడు ఒక డిజైన్ దుకాణంలో పని చేస్తున్నాను. మా తరగతిలో ఓవర్‌ప్రింట్ (కింది రంగులో చోటు ఖాళీ చేయకుండా దాని మీదే అచ్చు వేయడం) అనే మాటే నేను వినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రి కరపత్రం ఫైలు నా దగ్గరకు వచ్చింది. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు, తెర మీద చక్కగా కనిపిస్తున్నాయి. ప్రెస్‌లో ప్లేట్లు వేసే అన్న ఆ ఫైలు తెరిచి సెపరేషన్లు, అంటే ఒక్కొక్క రంగు ప్లేటును విడిగా, చూపించాడు. తెల్ల అక్షరాలకు ఎవరో ఓవర్‌ప్రింట్ పెట్టారు, అంటే నీలం ప్లేటులో ఆ అక్షరాలకు ఖాళీ చోటే లేదు. అలాగే అచ్చు వేసి ఉంటే ఫోన్ నంబరుతో సహా అన్నీ మాయమైపోయేవి. నాలుగు ప్లేట్లను విడివిడిగా చూడడం ఆ రోజు నేర్చుకున్నాను, ఆ తరువాత చూడకుండా ఏ ఫైలూ పంపలేదు.

ప్రెస్‌లో నేర్చుకోవాలనే మాట మగపిల్లలకు చెప్పినంత సులువుగా ఆడపిల్లలకు చెప్పలేరు. పెళ్ళిళ్ళ కాలంలో పని రాత్రిపూట నడుస్తుంది. చాలా చిన్న ప్రెస్సులలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా ఉండదు. మా తరగతిలో ఎక్కువమంది అమ్మాయిలమే, మెషీను దగ్గర నిలబడి చూసినవాళ్ళం మాత్రం దాదాపు లేము. కృష్ణాతీరం గారూ, మీ వీధి అమ్మాయికి సలహా ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా ఆలోచించండి.

5. అంతా డిజిటల్

ముద్రణే తగ్గిపోతోంది కదా. శుభలేఖ వాట్సాప్‌లో వస్తోంది, వార్తాపత్రిక ఫోనులో చదువుతున్నాము. పదిహేనేళ్ళ పిల్లలను ఇంకా ప్లేట్లు, ఫారాలు అంటూ వెనక్కి లాగడం న్యాయమేనా? వీడియో, యాప్ డిజైన్ నేర్పితే వాళ్ళకు మేలు కాదా?

6. కార్టన్ల మనిషి

పై టపాకు జవాబు. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బియ్యం సంచి, పాల ప్యాకెట్, మందుల డబ్బా, టూత్‌పేస్టు గొట్టం ఒకసారి చూడండి. వాటన్నిటి మీదా అచ్చు ఉంది, అది వాట్సాప్‌లో రాదు. నేను సికింద్రాబాద్‌లోని గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లొమా చేశాను. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో మందుల కార్టన్లు అచ్చు వేసే సంస్థలో ప్రీప్రెస్, అంటే అచ్చుకు ముందు ఫైలు, ప్లేటు సిద్ధం చేసే పని, చూస్తున్నాను. మన నగరంలో మందుల పరిశ్రమ ఎంత పెద్దదో అందరికీ తెలుసు. ప్రతి మందుకూ డబ్బా, లోపల మడిచిన పల్చటి కాగితం, పైన రేకు ఉంటాయి. ఆ కాగితం మీద కంటికి ఆనీ ఆనని అక్షరం ఒక్కటి పూడుకుపోయినా లాటు మొత్తం వెనక్కి వస్తుంది.

తెర మీద నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ తగిలే చిక్కు ఒకటి చెబుతాను. డబ్బా ఎర్రరంగులో ఉంది కదా అని తెల్ల నేల మీద బార్‌కోడ్ గీతలను కూడా ఎర్రగా పెడతారు, చూడడానికి బాగుంటుంది. దుకాణాలలో వాడే స్కానర్లు చాలావరకు ఎర్రటి వెలుగుతో చదువుతాయి కాబట్టి వాటికి ఆ ఎర్ర గీతలు తెల్ల కాగితంలాగే కనిపిస్తాయి, కోడు చదవబడదు. ఇక డబ్బా మడత ఎక్కడ పడుతుంది, జిగురు పూసే రెక్క మీద రంగు ఎందుకు ఉండకూడదు, కాగితపు నారల దిశకు అడ్డంగా మడిస్తే అట్ట ఎందుకు పగులుతుంది, ఇవన్నీ డిజైన్‌లో భాగాలే. వీటిని వెనకటి చదువు అనడం సరికాదు.

7. అంతా డిజిటల్

ప్యాకేజింగ్ విషయం ఒప్పుకుంటున్నాను, నేను పుస్తకాలు, కరపత్రాల గురించే ఆలోచించాను. కానీ ఏడాది కోర్సు చేసిన కుర్రవాడిని మీ కార్టన్ల సంస్థ తీసుకుంటుందా? అతనికి పని దొరికేది ఫ్లెక్సీ దుకాణంలోనే కదా.

8. కరీంనగర్ తండ్రి

ఈ చర్చ నా కోసమే మొదలైనట్టుంది. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. బొమ్మలు బాగా వేస్తాడు, అక్షరాలు ఇంకా బాగా రాస్తాడు, వినాయక చవితి మండపం బోర్డు ప్రతి ఏడూ వాడిదే. బంధువులందరూ ఎంపీసీలో చేర్పించమంటున్నారు. వాడికి లెక్కల మీద మనసు లేదు. ఐటీఐ డీటీపీకీ, కార్టన్ల మనిషి గారు చేసిన డిప్లొమాకూ తేడా ఏమిటో, ఏది చదివితే తరువాత దారి మూసుకుపోకుండా ఉంటుందో ఎవరైనా వివరంగా చెప్పగలరా?

9. కార్టన్ల మనిషి

అంతా డిజిటల్ గారికి ముందు చెబుతాను: తీసుకుంటాము, అయితే ఫైలు సరిచూసే సహాయకుడిగా, తక్కువ జీతంతో. రెండు మూడేళ్ళు నిలబడి నేర్చుకున్నవాళ్ళు పైకి వచ్చారు, ఎక్కువమంది నిలబడరు.

కరీంనగర్ తండ్రి గారికి. డీటీపీ ఐటీఐలో ఏడాది కోర్సు, త్వరగా పనిలోకి వెళ్ళవచ్చు. ముద్రణ డిప్లొమా పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు, పాలిసెట్ రాసి చేరాలి. అందులో మొదటి ఏడు లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తప్పవు. మీ అబ్బాయికి లెక్కలంటే భయమైతే దాన్ని ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే మా తరగతిలో మధ్యలో మానేసినవాళ్ళకు అడ్డుపడింది మెషీను కాదు, మొదటి ఏడాది లెక్కలే. డిజైన్ ఒక్కటే నేర్చుకోవాలనుకునేవారికి ఈ డిప్లొమా తగదు, ఇందులో సిరా రసాయనం, కాగితం గుణం, మెషీను నిర్మాణం, బైండింగ్, ఖర్చు లెక్క ఎక్కువగా ఉంటాయి. డిగ్రీ దాకా వెళ్ళాలంటే చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలోనూ కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనూ ముద్రణలో ఇంజనీరింగ్ ఉంది.

అక్షరాలు చక్కగా రాసే పిల్లవాడు మీ ఇంట్లో ఉన్నాడంటే, వాడిని ఏ కోర్సులో చేర్చినా ఆ చేతిరాత మాత్రం మాననివ్వకండి.

10. ఛత్తాబజార్ మిత్రుడు

చేతిరాత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హైదరాబాద్ పాతబస్తీ ఛత్తాబజార్‌లో మాది శుభలేఖల దుకాణం. ఒకే కార్డు మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ వేయమని అడిగేవారు చాలామంది వస్తారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, మిగిలిన రెండూ ఎడమ నుంచి కుడికి. కార్డు ఏ వైపు తెరుచుకోవాలన్న ప్రశ్నతోనే పని మొదలవుతుంది. మా దగ్గర కాతిబులు, అంటే చేత్తో ఉర్దూ రాసే ఉస్తాదులు, ఒకప్పుడు వీధి పొడుగునా ఉండేవారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళకు కంప్యూటరు మీద కూడా అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత గాలి ఉండాలో తెలుసు. నేరుగా కంప్యూటరుతో మొదలుపెట్టినవాళ్ళు అలంకారాలతో కార్డు నింపేస్తారు, పేర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

ప్రూఫు చదవడం కూడా ఎవరూ నేర్పడం లేదు. ఒకసారి వియ్యంకుడి పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది, పెళ్ళికి ముందే రెండు కుటుంబాలూ మా దుకాణంలో కూర్చుని సంధి చేసుకోవలసి వచ్చింది!

11. యూనికోడ్ పక్షం

ఆ ఒత్తు ఎగిరిపోవడానికి కారణం ప్రూఫు ఒక్కటే అయి ఉండదు. మన శిక్షణ కేంద్రాలలో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, పాత పద్ధతి అను ఫాంట్లు నేర్పుతున్నవి ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది, ఆ తరువాత అడోబీ దాన్ని వదిలేసింది. అందులో యూనికోడ్, అంటే ఏ కంప్యూటరులోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే ప్రమాణం, లేదు. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల కుప్ప కనిపిస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కొన్ని సంయుక్తాక్షరాలు చెదురుతాయి, మీ వియ్యంకుడి ఒత్తు ఎగిరిపోయింది అక్కడే కావచ్చు.

తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. మండలి, రామభద్ర, సూరన్న, పొన్నాల, ఎన్టీఆర్, గురజాడ వంటి ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా వచ్చాయి, గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ సంస్థకు డబ్బు లేదంటే స్క్రైబస్, ఇంక్‌స్కేప్, గింప్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. స్క్రైబస్ 1.6లో తెలుగు సంయుక్తాక్షరాలు సక్రమంగా వస్తాయి, సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల) రంగులతో పీడీఎఫ్ తీయవచ్చు. 16 ఏళ్ళ పిల్లలకు పాత పద్ధతి నేర్పి పంపడం వాళ్ళ భవిష్యత్తుకు అడ్డుగోడ కట్టడమే.

12. కృష్ణాతీరం ప్రెస్

మీ మాట సగమే ఒప్పుకుంటాను. మా దగ్గరకు వచ్చే పుస్తకాలలో చాలా భాగం ఇప్పటికీ అనులోనే వస్తున్నాయి. ప్రచురణకర్తల దగ్గర పాత పుస్తకాల ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, పునర్ముద్రణ అంటే ఆ ఫైలే తెరవాలి. అనులో ఉండే ఆపిల్ అనే కీబోర్డు అమరిక మీద వేగంగా కొట్టగలిగినవారికి విజయవాడలో ఈ రోజుకీ పని దొరుకుతుంది. ఇంకొక విషయం: శీర్షికలకు పనికివచ్చే లావాటి, వంపుల ఫాంట్ల వైవిధ్యం అనులో ఉన్నంత యూనికోడ్‌లో నాకు కనబడలేదు. విద్యార్థికి రెండూ రావాలి. రేపటిది ఒక్కటే నేర్పితే ఇవాళ అన్నం ఎవరు పెడతారు?

13. యూనికోడ్ పక్షం

రెండూ రావాలన్న మాటకు నాకు అభ్యంతరం లేదు, ఏది మొదట అన్నదే నా పట్టుదల. అనుతో మొదలుపెట్టినవాడు యూనికోడ్‌కు మారడం కష్టంగా భావిస్తాడు. యూనికోడ్‌తో మొదలుపెట్టినవాడు అవసరం పడితే అను కీబోర్డు కొద్ది వారాలలో అలవాటు చేసుకుంటాడు. పైగా అతను టైపు చేసిన వచనం వెబ్‌సైటుకైనా, ఈ-పుస్తకానికైనా అలాగే పనికివస్తుంది.

14. రాజమండ్రి పాత కంపోజిటర్

ఏ కీబోర్డు అయినా కానివ్వండి, ముందు తెలుగు తప్పు లేకుండా రాయడం రావాలి. శ, ష, స తేడా తెలియని చేతికి ఏ ఫాంటు ఇచ్చినా ఒకటే. డీటీపీ తరగతిలో రోజుకొక పేజీ ప్రూఫు దిద్దించాలి, ప్రూఫు గుర్తులన్నీ నేర్పాలి. దీనికి కరెంటు కూడా అక్కరలేదు.

15. మైన్‌ట్స్ నుంచి

నేను ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను. మా పక్కింటి అమ్మాయి బడి చదువు ముగించి ఒక ప్రింటింగ్ సంస్థలో శిక్షణలో చేరింది కాబట్టి ఇక్కడి పద్ధతి దగ్గరగా చూశాను. శిక్షణార్థి ముందుగా ఒక సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. వారంలో ఎక్కువ రోజులు ఆ సంస్థలో పని, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో చదువు. డిజైన్ వైపు వెళ్ళేవారికి ఒక వృత్తి, మెషీను వైపు వెళ్ళేవారికి మరొక వృత్తి, రెండూ మూడేళ్ళే. మొదటి నెల నుంచీ భత్యం ఇస్తారు, అది ఏటేటా పెరుగుతుంది. మధ్యలో ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష ఉంటాయి, వాటిని నిర్వహించేది బడి కాదు, ఆ ప్రాంతపు వాణిజ్య పరిశ్రమల మండలి.

నాకు నచ్చినది ఏమిటంటే డిజైన్ శిక్షణలో ఉన్న అమ్మాయి కూడా మెషీను హాలులో కొంత కాలం గడపవలసి రావడం. తాను పంపిన ఫైలు ప్లేటుగా మారి, రంగు సరిపోక మెషీను ఆగి, కాగితం వృథా అవుతుంటే పక్కన నిలబడి చూసింది. మొదటి టపాలోని ప్రశ్నకు ఇక్కడివారి జవాబు ఇది: శిక్షణ సంస్థా, ప్రెస్సూ కలిసే నేర్పాలి, ఎవరి వంతు ఏమిటో కాగితం మీద రాసి ఉండాలి.

16. ఐటీఐ బోధకుడు

మైన్‌ట్స్ గారు చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం, అయితే దాన్ని అలాగే తెచ్చి ఇక్కడ పెట్టలేము. అక్కడ ప్రెస్సులు శిక్షణను తమ బాధ్యతగా భావిస్తాయి. ఇక్కడ నేను పిల్లలను తీసుకుని ప్రెస్సుకు వెళితే, పని ఆగిపోతుందని గుమ్మంలోనే మర్యాదగా పంపేసినవారు ఉన్నారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కటింగ్ మెషీను దగ్గర పదిహేడేళ్ళ కుర్రవాడు చెయ్యి పెడితే ఎవరిది బాధ్యత?

మన పిల్లల శక్తి మీద మాత్రం నాకు అనుమానం లేదు. 2019లో కజాన్‌లో జరిగిన ప్రపంచ నైపుణ్య పోటీలలో గ్రాఫిక్ డిజైన్ విభాగంలో మన దేశానికి కాంస్య పతకం వచ్చింది. ఆ పోటీలో తెర మీది బొమ్మ ఒక్కటి చాలదు, అచ్చుకు సిద్ధమైన ఫైలు ఇవ్వాలి, డబ్బా నమూనా కత్తిరించి నిలబెట్టాలి.

17. కృష్ణాతీరం ప్రెస్

గుమ్మంలో నుంచి పంపేసినవారి తరఫున నేను మాట్లాడలేను. నా వరకు ఒక్క సందేహం ఉంది. మా దగ్గర ఆరుగురం పని చేస్తాము. ఇంత చిన్న ప్రెస్ అప్రెంటిస్‌ను పెట్టుకోవచ్చా, లేక అది పెద్ద కంపెనీలకేనా?

18. కార్టన్ల మనిషి

పెట్టుకోవచ్చు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, అంతకు మించి పని చేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. మీరు ఆరుగురు కాబట్టి ఇష్టమైతే నమోదు చేసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. వయసు 14 నిండాలి, ప్రమాదకరమైన పరిశ్రమ అయితే 18 నిండాలి. బోధకుడు గారి భయం న్యాయమైనదే కాబట్టి 18 లోపు పిల్లలను ప్రీప్రెస్, ప్రూఫు, లెక్కింపు, ప్యాకింగ్ పనులలోనే ఉంచండి. మెషీను హాలులో చూడనివ్వండి, కటింగ్ దగ్గరకు మాత్రం పోనివ్వకండి. రోలర్లు కడిగే ద్రావకాలు కూడా ఊపిరికి మంచివి కావు, అక్కడ గాలి ఆడాలి.

స్వాతి గారు చెప్పిన మరుగుదొడ్డి సంగతి చట్టం దాకా పోకుండానే సరిచేయవచ్చు. దానికి ప్రెస్ యజమాని మనసు పెడితే చాలు.

19. పెడన డ్రాయింగ్ మాస్టారు

ఇంత చర్చలో హైస్కూలు గురించి ఎవరూ మాట్లాడలేదు. మాది ప్రభుత్వ ఉన్నత పాఠశాల. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే వృత్తి పనుల పరిచయం ఉండాలని, సంచి లేకుండా బడికి వచ్చే పది రోజులు పెట్టాలని చెప్పింది. ఆ రోజులలో ఏం చేయించాలో తెలియక చాలా బడులు ఆటలతో సరిపెడుతున్నాయి. మా ఊరిలో వీధి వీధికీ కలంకారీ అద్దకం ఉంది కాబట్టి నేను పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. టేకు చెక్క అచ్చులు, అంచు గీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. రెండో అచ్చును మొదటి గీత మీద సరిగా ఆనించకపోతే ఆకు ఒక చోట, దాని రంగు మరొక చోట పడతాయి. కృష్ణాతీరం గారు మొదటి టపాలో రిజిస్టర్ తప్పడం అన్నది ఇదే కదా! మా తొమ్మిదో తరగతి పిల్లలకు అది ఒక్క ఉదయంలో అర్థమైంది.

తరువాత బడిలో స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టాము. చెక్క చట్రం, బిగించిన జాలీ, సిరా నెట్టే రబ్బరు స్క్వీజీ, కాంతికి గట్టిపడే ఎమల్షన్ ఉంటే చాలు. ఎమల్షన్ పూసి నీడలో ఆరబెట్టి, దాని మీద నల్లటి బొమ్మ ఉన్న ట్రేసింగ్ కాగితం పెట్టి ఎండ చూపిస్తే, వెలుగు తగిలిన చోటు గట్టిపడుతుంది, నలుపు కింద ఉన్న చోటు నీటితో కడిగితే పోతుంది. ఆ రంధ్రాలలో నుంచి సిరా దిగుతుంది. రెండు రంగుల బొమ్మకు రెండు చట్రాలు కావాలి. బొమ్మను రంగుల వారీగా విడదీయడం, సన్న గీతలు కడుగుడులో నిలవకపోవడం, సిరా పరుచుకుని చుక్క లావెక్కడం పిల్లలు తమ చేతులతో చూశారు. బడి వార్షికోత్సవం ఆహ్వానాలు వాళ్ళే అచ్చు వేశారు. మా లిఖిత పత్రికకు అట్ట కూడా అలాగే వచ్చింది.

లక్షల మెషీను లేకపోతే ముద్రణ నేర్పలేమన్నది నా అనుభవంలో నిజం కాదు. ఐటీఐ బోధకుడు గారూ, మీ ప్రయోగశాలలో ఒక మూల ఇది పెట్టి చూడండి.

20. స్వాతి హనుమకొండ

మాస్టారు చెప్పినది మా కోర్సులో ఉండి ఉంటే ఓవర్‌ప్రింట్ నాకు మొదటి నెలలోనే తెలిసేది. రెండు చట్రాలు కడిగినవారికి రెండు ప్లేట్లు ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

21. అంతా డిజిటల్

నేను మొదట అడిగిన ప్రశ్నను కొంచెం మార్చుకుంటున్నాను. ఇవన్నీ నేర్పండి, కానీ చట్టం కూడా నేర్పండి. మా ఊరిలో ఎన్నికలప్పుడు ఒక డీటీపీ కుర్రవాడు కరపత్రం తయారు చేశాడు, కింద అచ్చు వేసినవారి పేరు లేదు, పోలీసులు ప్రెస్సుకు వచ్చారు.

22. కృష్ణాతీరం ప్రెస్

చాలా అవసరమైన మాట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా తప్పక ఉండాలి. ప్రచురణకర్త ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక ప్రకటన ఇవ్వాలి, అచ్చయిన ప్రతిని మేము అధికారులకు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డిజైన్ చేసే పిల్లలు ఆ చివరి వరుసను అందం చెడిపోతుందని తీసేస్తారు.

మాస్టారు గారూ, పెడన మాకు దగ్గరే. కటింగ్‌లో మిగిలే ఆర్ట్ పేపరు, మ్యాప్‌లితో కాగితం ముక్కలు మా దగ్గర సంచులకొద్దీ ఉంటాయి, మీ బడికి పంపుతాను. బోధకుడు గారూ, శ్రావణం పెళ్ళి పనులు మొదలయ్యే లోపు మీ తరగతిని నాలుగు జట్లుగా తీసుకురండి, జట్టుకు ఒక పూట. వాళ్ళు తయారు చేసిన ఫైలే ఒకటి ప్లేటు వేసి అచ్చు వేద్దాము, వృథా కాగితం ఖర్చు నాది. పగటిపూటే రండి, ఆడపిల్లలకు కావలసిన ఏర్పాటు అప్పటికి చేయిస్తాను. మా వీధి అమ్మాయిని కూడా ఆ రోజు రమ్మంటాను, చూసి తనే నిర్ణయించుకుంటుంది.

23. కరీంనగర్ తండ్రి

మా వాడికి ఈ చర్చంతా చదివి వినిపించాను. పాలిసెట్ పుస్తకం కొనమన్నాడు. లెక్కలకు ట్యూషన్ పెట్టమని కూడా వాడే అడిగాడు. సీటు రాకపోతే ఐటీఐ ఉండనే ఉంది.

24. ఐటీఐ బోధకుడు

కృష్ణాతీరం గారూ, తప్పక వస్తాము, తేదీ ఫోనులో మాట్లాడుకుందాము. ఆ రోజుకు పిల్లలచేత 16 పేజీల చిన్న పుస్తకం కూర్పించాలని అనుకుంటున్నాను, 1/8 డెమ్మీ, ఒకే ఫారం. యూనికోడ్ పక్షం గారి మాట ప్రకారం ఇన్‌డిజైన్‌లో మండలి ఫాంటుతో చేయిస్తాను, శీర్షికలు కరీంనగర్ అబ్బాయి చేతిరాతలో ఉంటే ఇంకా సంతోషం. కంపోజిటర్ గారూ, 14 పాయింట్ల అక్షరానికి వరుసల ఎడం ఎంత పెట్టమంటారు?

25. రాజమండ్రి పాత కంపోజిటర్

20తో మొదలుపెట్టండి. 'రాష్ట్రం', 'స్త్రీ', 'ఉత్కృష్టం' ఉన్న వరుస కింద 'కీర్తి', 'వీధి' ఉన్న వరుస వచ్చేలా ఒక పేజీ కూర్చి లేజర్ ప్రింటు తీసి చూడండి. తగులుకుంటే 21 చేయండి. తెర మీద చూసి నిర్ణయించకండి. ప్రూఫు నాకు పంపితే దిద్ది పంపుతాను.

26. యూనికోడ్ పక్షం

ఆ ప్రూఫు ప్రతి నాకూ ఒకటి పంపండి. మండలిలో 'ష్ట్ర' ఎలా కూర్చుంటుందో కాగితం మీద చూడాలి.